ఒకే గట్టు

పొద్దున్నే వెంకటప్పయ్య గుడిసె అలికించి, కొత్త చాప పరిచి, బస్సుకు ఎదురెళ్లాడు. తర్వాతి కాలంలో బంధుత్వాల మీద పుస్తకం రాసి దేశదేశాల్లో పేరు తెచ్చుకున్న ఆచార్యుడాయన. ఆ రోజుకి మాత్రం భద్రాచలం అవతల ఓ కోయగూడెంలో పరిశోధన చేసుకుంటున్న కొత్త పెళ్లికొడుకు. భార్య ప్రమీలారాణి బోనకల్ నుంచి మొదటిసారి వస్తోంది. ఊరు నచ్చితే ఉంటుంది, నచ్చకపోతే రేపటి బస్సుకు ఆయన్నీ వెంటబెట్టుకు పోతుంది. ఆ సంగతి ముందే కబురు చేసింది.

గూడెం పెద్ద దూలయ్య ఎప్పుడో ఆయన్ని కొడుకుగా చేసుకుని తన గట్టులో, అంటే తన వంశంలో, కలుపుకున్నాడు. భార్యకూ ఆ మర్యాద దక్కితే మనసు నిలుస్తుందని వెంకటప్పయ్య ఆశ. "అమ్మా, ఆమెను గూడ నీ బిడ్డ లెక్క జూసుకో" అని దూలయ్య భార్య ముత్తక్కను బతిమాలాడు. ముత్తక్క అందరి ముందూ, బస్సు దిగి వచ్చిన ప్రమీల మెడలో పూసలదండ వేసి, "ఇయ్యాల్టి సంది నా బిడ్డ" అంది. వెంకటప్పయ్య పొంగిపోయి, భార్య పెట్టె ఎత్తుకుని గుడిసె వైపు నడిచాడు.

దూలయ్య అడ్డం వచ్చాడు. "ఏడికి కొడుకా? చెల్లెతోని కాపురం జేస్తవా?"

ఒకే గట్టు వాళ్లు తోబుట్టువులు, వాళ్ల మధ్య పెళ్లి మాటే లేదు. ఆ విషయం మీద వెంకటప్పయ్య అప్పటికే ఓ అధ్యాయం రాసేశాడు. "అది ఉత్త మర్యాదకు గదా. నేను నిజం కొడుకునా ఏంది?" అన్నాడు కంగారుగా.

ఎవరూ నవ్వలేదు. "అంటే గిన్ని దినాలు ఉత్తగనే అయ్యా అన్నవా?" అన్నాడు దూలయ్య.

వెంకటప్పయ్యకు నిజంగానే సిగ్గేసింది. "తప్పయింది అయ్యా. నీ కొడుకునే" అన్నాడు. దాంతో ప్రమీల ముత్తక్క ఇంట్లోకి, ఆయన పశువుల కొట్టం పక్కకి చేరారు.

తెల్లారి ప్రమీల పెట్టెతో బయటికొచ్చింది. బస్సుకే అనుకున్నాడు వెంకటప్పయ్య. ఆమె బస్సు దారి పట్టకుండా ఎదురింటి కన్నమ్మ వాకిట్లో పెట్టె దించింది. కన్నమ్మది వేరే గట్టు.

"నన్ను నీ బిడ్డను చేసుకుంటవా?"

"అవ్, జేసుకుంట. గని పిల్లనడగనీకి ఆయనే రావాలె. ఇప్పసారా కుండ తేవాలె."

ముత్తక్క తన గడపలోంచే ఒప్పుకుంది. "బిడ్డ పోతే పాయె, కోడలొస్తది. కోడలికైతే పని జెప్పొచ్చు."

"గుడిసె కోసం ముసలాయన్ని నొప్పించలేదు మీరు. అందుకే ఉంటున్న" అంది ప్రమీల మొగుడితో. ఆయన ఇప్పసారా కుండ కోసం బయల్దేరాడు.

గూడెంలో పెళ్లి జరిగితే చూసి రాసుకోవాలని వెంకటప్పయ్య ఎన్నాళ్లుగానో కాచుకున్నాడు. తీరా డోళ్లు మోగాక ఒక్క ముక్క రాసుకోలేకపోయాడు. పెళ్లికొడుకు చేతులు ఖాళీగా ఎవరు ఉండనిస్తారు?

ప్రమీల అక్కడే కాపురముంది. పోట్లాట వచ్చినప్పుడల్లా పుట్టింటికి పోతానని బెదిరించేది. పుట్టిల్లు ఎదురుగానే ఉంది గనక పోయేది కూడా.