దారిలో చెడు మాట

కార్ల సంతలో పన్నెండేళ్ళుగా పాత కార్లు అమ్ముకుని బతుకుతున్న లువ్సాన్ అనే నన్ను మోసం చేసింది ఎవరో కాదు, ఒక అట్టముక్క. నవ్వకండి. టీ చల్లారిపోతుంది, తాగుతూ వినండి.

నన్ను ముంచిన ఆ కారు నేను కొన్న చోటు ఒక వెచ్చటి గరాజు. నేల మీద సరికొత్త అట్ట పరిచి, దాని మీద కారు నిలబెట్టారు. అట్ట మీద ఒక్క మరక లేదు. ఎంత శుభ్రమైన మనిషి అని అమ్మేవాణ్ణి మనసులో మెచ్చుకున్నాను. సంతలో నేను అమ్మబోయే ప్రతి కారు కిందా, కారిన మరక కనపడకుండా, పొద్దున్నే పాత అట్ట తీసి కొత్త అట్ట వేసేది నేనే. పన్నెండేళ్ళ నుంచి వేస్తున్నాను. ఆ ఒక్క పూట అది నాకు గుర్తు రాలేదు.

ఇంటికి తెచ్చిన మర్నాడు చూస్తే కారు కింద మంచు మీద టోపీ అంత నల్లటి మరక. ఇంజన్ అడుగు పెట్రోలుతో కడిగి తుడిచాను. మర్నాటికి రెండు టోపీలు.

మెకానిక్ దోర్జ్ దగ్గరికి తీసుకెళ్ళాను. మీకు తెలుసుగా, మన 'రేపు' దోర్జ్. కారు కిందకి దూరి, చాలాసేపు బయటికి రాలేదు. కింద కాస్త కునుకు తీశాడేమో కూడా.

"ఆయిలు కారకుండా ఆపే వెనక సీలు పోయింది లువ్సాన్ అన్నా. ఇంజన్ దించాలి."

"దించితే?"

"దించాక లోపల ఇంకేం పోయాయో తెలుస్తుంది."

"ఎప్పటికవుతుంది?"

"రేపు చెప్తా."

"పోనీ దించకపోతే ఎంత దూరం పోతుంది?"

"ఆగేదాకా పోతుంది."

అంత కచ్చితమైన సమాధానం దోర్జ్ జీవితంలో ఇంకెవరికీ ఇవ్వలేదు.

నా పరిస్థితి చెప్తాను. ఆ శీతాకాలంలో రెండు కార్లు అమ్మగా వచ్చిన అసలూ లాభమూ ఆ ఒక్క కారులోనే ఉన్నాయి. అది పోతే వసంతానికి సంతలో నా చోటు ఇంకొకడిది. మంచు మీద రోజూ కారుతున్నది ఆయిలు కాదు, నేను.

అప్పుడు నాకు పిల్లనిచ్చిన మామయ్య గుర్తొచ్చాడు.

మామయ్య చోయ్‌జమ్స్ ఉండేది నగరానికి రెండు వందల నలభై కిలోమీటర్ల అవతల, గడ్డి మైదానంలో. రెండేళ్ళుగా కారు కారు అంటున్నాడు. ఆయన దగ్గర గోధుమవన్నె గుర్రం ఒకటుంది. అది నడుస్తుంటే వీపు మీద నిండు గిన్నె పెట్టినా తొణకదు. దాని కోసం నగరంలో ఒకాయన నాతో ఏడాదిగా బేరమాడుతున్నాడు. ఫోన్ చేశాను.

"అల్లుడూ, ఒకటే మాట. తన కాళ్ళతో తాను నా గుమ్మం ముందుకి నడిచొచ్చిన కారుకి గోధుమవన్నె గుర్రం, పైన ఇరవై గొర్రెలు" అన్నాడు మామయ్య.

గుమ్మం దాకా చాలు. గుమ్మం దాటాక దాని రాత దానిది. పైగా మామయ్య నెలకోసారి బజారుకి వెళ్తే ఎక్కువ. ఆ కారుకి అక్కడ ఉద్యోగం కాదు, విశ్రాంతి. ఇలా అనుకుని నిద్రపోయాను. వ్యాపారికి నిద్ర ఇలాగే పట్టాలి.

లెక్క సులువు. ఎనభై కిలోమీటర్లకి లీటరు కారుతోంది. అంటే మూడు లీటర్లు. మనసుకి నెమ్మది కోసం ఇంకో లీటరు. నాలుగు డబ్బాలు గొంగట్లో చుట్టి స్పేర్ టైరు కింద దాచాను. ఆయిలు తగ్గితే వెలిగే ఎర్ర దీపం మీద గాలిగుర్రం బొమ్మ అంటించాను. శుభానికి గుర్తు కదా, పీకే ధైర్యం ఎవరికీ ఉండదు.

ఇక మిగిలిన చిక్కు నా భార్య సెండ్మా.

సెండ్మా గొర్రెల మధ్య పుట్టి పెరిగిన మనిషి. గుట్ట మీద మేస్తున్న గొర్రెని కింద నుంచి చూసి, దానికి ఏ కాలు నొప్పో చెప్తుంది. తన తండ్రికి నేను కుంటి కారు అంటగడుతున్నానని తెలిస్తే ఆ తర్వాత కుంటేది నేనే.

బయల్దేరే రోజు పొద్దున మైనస్ ఇరవై ఆరు. ప్రయాణం బాగా సాగాలని సెండ్మా పాలగిన్నె పట్టుకుని వచ్చి, ఆనవాయితీ ప్రకారం చక్రాల మీద పాలు చిలకరించసాగింది. మూడో చక్రం దగ్గర ఆగిపోయింది.

"ఏమయ్యా, ఇక్కడ మంచు నల్లగా ఉందేమిటి?"

"ప్రయాణం ముందు చెడు మాట అనకు సెండ్మా!" అని గట్టిగా అరిచాను. "దారికి నోరు మంచిది కావాలి. ఎప్పుడు చేరతాం అని కూడా అడక్కూడదని మీ నాన్నే అంటాడు కదా."

సెండ్మా పాలగిన్నె కిందకి దించింది.

"అయితే ఏం కనిపించినా అనకూడదా?"

"ఏం కనిపించినా."

"ఏం వినిపించినా?"

"వినిపించినా."

"ఎప్పటిదాకా?"

"ప్రయాణం ముగిసేదాకా."

"సరే. మాట మీద ఉండు" అని నాలుగో చక్రం మీద మిగిలిన పాలన్నీ పోసేసింది.

బేరం అంత తేలిగ్గా కుదిరితే ఎదుటివాడు ఏం చూశాడో ఒకసారి వెనక్కి తిరిగి చూసుకోవాలి. అది నేను మీకు చెప్పే పాఠమే. కాని నేను తిరిగి చూడలేదు.

మన కార్లన్నీ జపాన్ నుంచి వచ్చినవి, స్టీరింగు కుడివైపు. మనం నడిపేదేమో రోడ్డుకి కుడిపక్కన. కాబట్టి ముందున్న లారీని దాటాలంటే డ్రైవరుకి ఏమీ కనపడదు. ఎడమ సీట్లో కూచున్న పెళ్ళామే కళ్ళు. ఎడమ అద్దమూ ఆమెదే.

"ఎదురుగా ఏమన్నా వస్తోందా?"

"రావడం లేదు. వెళ్ళు."

"వెనక?"

"వెనకా రావడం లేదు."

అంటూనే అద్దంలోకి చూస్తూ ఉండిపోయింది. రెండు పెదాలూ దగ్గరికి నొక్కిపెట్టింది.

"ఏమిటి అంతసేపు చూస్తున్నావు?"

"మంచు."

"మంచులో ఏముంది?"

"తెల్లగా ఉంది."

"అంతేనా?"

"తెల్లగా ఉన్నంత మేరా తెల్లగా ఉంది."

మొదటి కనుమ మీద ఓవూ దగ్గర ఆపాను. నీలం గుడ్డలు కట్టిన ఆ రాళ్ళ గుట్ట చుట్టూ మూడుసార్లు తిరగమని సెండ్మాని పంపించి, నేను బానెట్ ఎత్తాను.

"నువ్వు తిరగవా?"

"ముందు ఇంజన్ ఈ గుట్ట దేవర దర్శనం చేసుకోవాలి. మూత వేసి ఉంటే దానికెలా కనపడుతుంది?"

"పెళ్ళై పదహారేళ్ళు. నీకింత భక్తి ఉందని నాకు తెలీదు" అని వెళ్ళింది. ఆమె మూడు చుట్లు తిరిగేలోగా లీటరు పోశాను. లెక్క ప్రకారం సరిగ్గా లీటరే తగ్గింది. నా మీద నాకే గౌరవం కలిగింది.

అక్కణ్ణించి రోడ్డు గతుకులు. ప్రతి గతుక్కీ పళ్ళు గుద్దుకున్నాయి. ఆ గతుకులు నా లెక్కలో లేవు.

రెండో ఓవూ దగ్గర ఆయిలు చూసే పుల్ల బయటికి తీస్తే చివర తడి తప్ప ఏమీ లేదు. మిగిలిన మూడు డబ్బాలూ పోసేశాను. ఇంకా తొంభై కిలోమీటర్లుంది. ఖాళీ డబ్బాలు మంచులో పూడ్చాను. తలెత్తి చూస్తే సెండ్మా గుట్టకి అవతల ఫోన్లో మాట్లాడుతోంది.

"ఎవరితో?"

"నాన్నతో. ఎలా ఉన్నాడో అడిగాను."

"కారు గురించి ఏమన్నా చెప్పావా?"

"ఆయన గురించి అడిగానన్నాను కదా. ఎక్కు."

ఇంకో అరవై కిలోమీటర్లు ఎలా పోయామో దేవుడికి తెలియాలి. దారిలో లారీలు లేవు, ఇళ్ళు లేవు. తెల్లటి మైదానం, పైన నీలం ఆకాశం. నేను గాలిగుర్రం బొమ్మని చూస్తూ నడిపాను. అది ఏమీ చెప్పలేదు. చెప్పకూడదనే కదా అంటించింది. తీసి చూద్దామని రెండుసార్లు చెయ్యి వెళ్ళింది. పక్కన సెండ్మా. చెయ్యి వెనక్కి వచ్చింది.

అప్పుడు మొదలైంది ముందు నుంచి టకటకా చప్పుడు.

"సెండ్మా, ఏమన్నా వినిపిస్తోందా?"

"వినిపిస్తోంది."

"ఏమిటది?"

"గుర్రం డెక్కల చప్పుడులా బాగుంది."

"నిజం చెప్పు!"

"ప్రయాణం ముగిసిందా?"

ముగియలేదని నేను చెప్పేలోగానే ముగిసింది. లోపల ఏదో ఫెళ్ళుమంది. టకటక ఆగింది. దాంతోపాటు హీటరు, కారు, నా గుండె ఆగాయి. రోడ్డు పక్కకి జారి మంచులో నిలబడ్డాం. బానెట్ ఎత్తితే నీలం పొగ, మాడిన వాసన. ఇంజన్ సీజై బిగుసుకుపోయింది. దించాల్సిన పని లేదు, అది తనంతట తనే దిగిపోయింది.

సెండ్మా తలుపు తీసుకుని దిగింది. రెండు కాళ్ళూ మంచు మీద సరిగ్గా ఆనించి నిలబడింది.

"ఇప్పుడు చెప్పనా?"

"ఇంకా దారిలోనే ఉన్నాం కదా!"

"దారి ఉంది, కారు లేదు. ప్రయాణం ముగిసింది. విను." వేళ్ళు ముడుస్తూ మొదలుపెట్టింది. "పదిరోజుల నుంచి వాకిట్లో మంచు నల్లగా ఉంది. నువ్వు రోజూ పార పట్టుకుని కొత్త మంచు తెచ్చి కప్పుతున్నావు. పదహారేళ్ళలో నువ్వు మన వాకిట్లో పార పట్టడం అదే మొదటిసారి. మొదటి కనుమ దాకా మంచు మీద చుక్కలు పడ్డాయి. గతుకులు దాటాక చుక్కలన్నీ కలిసి గీత అయ్యాయి. రెండో ఓవూ దాటాక గీత తాడంత లావైంది. ఇరవై కిలోమీటర్ల కిందట తాడు కూడా ఆగిపోయింది, కారడానికి లోపల ఏమీ లేక. గొర్రెకి అంత రక్తం పోతే మా నాన్న అయితే దాన్ని నడిపించడు."

"మరి ఆపమని చెప్పొచ్చు కదే!"

"చెడు మాట కదా" అంది సెండ్మా.

పోట్లాడదామంటే నోరు గడ్డకట్టింది. ఇంజన్ లేని కారు మైనస్ ఇరవై ఆరులో ఒక గాజు పెట్టె. ఇద్దరం ఒకే గొంగళి కప్పుకుని అందులో కూచున్నాం. ఆమె తన ఫ్లాస్కులో టీ నాకూ పోసింది. ఆమె వంద మాటలన్నా నాకు అంత సిగ్గు కలిగేది కాదు.

గంటన్నరకి మైదానం మీద మూడు చుక్కలు కనిపించాయి. దగ్గరికొస్తే రెండు ఒంటెలు, ఒక గుర్రం. గోధుమవన్నె గుర్రం. దాని మీద మామయ్య. నడక చూశాను. నిజంగానే గిన్నె తొణకదు.

"మీ నాన్నకి ఎలా తెలిసింది?"

"రెండో ఓవూ దగ్గర చెప్పాను. రెండు ఒంటెలు, లావు తాడు తీసుకుని ఎదురు రమ్మన్నాను."

"నాకు చెప్పకూడదు, ఆయనకి చెప్పొచ్చా?"

"ఆయన దారిలో లేడు కదయ్యా. ఇంట్లో ఉన్నాడు."

మామయ్య గుర్రం దిగాడు. మర్యాద మర్యాదే. చలిలో నిలబడే ముక్కుపొడి బుడ్డీలు మార్చుకున్నాం.

"ప్రయాణం సుఖంగా సాగిందా అల్లుడూ?"

దీనికి మనవాళ్ళలో ఒకటే జవాబు ఉంది. చచ్చిన కారు పక్కన నిలబడి కూడా అదే చెప్పాలి.

"సుఖంగా సాగింది మామయ్యా."

"కారు బాగుందా?"

"బాగుంది మామయ్యా."

"అవును, అసలు చప్పుడే లేదు" అని మామయ్య ఒంటెలకి తాడు కట్టాడు.

ముప్ఫై కిలోమీటర్లు ఒంటెలు లాగాయి. నేను లోపల కూచుని స్టీరింగు పట్టుకున్నాను. సెండ్మా గోధుమవన్నె గుర్రమెక్కి నా కిటికీ పక్కనే వచ్చింది. మధ్యలో ఒకసారి వంగి, "ఎదురుగా ఏమీ రావడం లేదు, వెళ్ళు" అంది.

మామయ్య ఉండే గుడారం ముందు కారు ఆగింది. మామయ్య చుట్టూ ఒకసారి తిరిగి, తలుపులు తీసి వేసి, అద్దాలు తట్టి చూశాడు.

"తన కాళ్ళతో నడిచొస్తే అన్నాను. ఇది నా ఒంటెల కాళ్ళతో వచ్చింది. కాబట్టి గుర్రమూ గొర్రెలూ నా దగ్గరే ఉంటాయి."

"న్యాయమే మామయ్యా. కారు నేను..."

"నువ్వు ఎలా తీసుకెళ్తావు?"

నగరం నుంచి లారీ రప్పిస్తే లారీ ఖర్చుకి ఆ కారు చాలదు.

"పది రోజుల్లో గొర్రెలు ఈనతాయి" అన్నాడు మామయ్య. "గొర్రెపిల్లల దొడ్డికి గాలి కొడుతోంది. దీనికి గాలి దూరదు, తలుపులు బిగుతు. నాలుగు వైపులా గాజు, ఎండ పడుతుంది. సీట్లు మెత్తన. మంచి వస్తువు తెచ్చావు అల్లుడూ."

"తెచ్చినవాడే చూసుకుంటాడు నాన్నా" అంది సెండ్మా. "పిల్లలన్నీ నిలదొక్కుకునేదాకా ఇక్కడే ఉంటాడు. సంతలో ఆయనకి ఇప్పుడు పనేముంది?"

ఏమీ లేదు. నిజమే. నా వ్యాపారమంతా అప్పటికే గడ్డి పరుచుకుని సిద్ధంగా ఉంది.

అలా నేను కొన్న కారులోకి నలభై మూడు గొర్రెపిల్లలు ఎక్కి దిగాయి. డ్రైవరు సీటు మీది పెంటికలు రోజూ పొద్దున నేనే ఎత్తాను. మునుపు సంతలో ఏ కారులో ఆ సీటు చూపించినా, ఒకే యజమాని వాడిన కారు అని చెప్పేవాణ్ణి.

ఒకరోజు బాగా చలిగా ఉంది. బ్యాటరీలో కాస్త ప్రాణముంటే పిల్లలకి గాలైనా వెచ్చగా వస్తుందేమోనని పిచ్చి ఆశ పుట్టి తాళం తిప్పాను. హీటరు రాలేదు. రేడియో రాలేదు. స్టీరింగు ముందు నిలబడ్డ ఒక నల్లమూతి పిల్ల మాత్రం ఏదో శ్రద్ధగా నాకుతోంది. చూస్తే నా గాలిగుర్రం బొమ్మ. జిగురుతో సహా తినేసింది. దాని కింద ఎర్ర దీపం నిక్షేపంగా వెలుగుతోంది.

సెండ్మా పాల సీసాతో వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

"అదేం దీపం?"

"ఇంజన్లో ఆయిలు లేదని చెప్తోంది."

"ఎప్పట్నుంచి చెప్తోంది?"

"దారిలో ఉన్నప్పట్నుంచీ."

"చెడు మాట అనకూడదని దానికి చెప్పలేదా?"

"చెప్పాను. నోటికి బొమ్మ కూడా అంటించాను."

సెండ్మా నవ్వలేదు. పాల సీసా నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. నేను నల్లమూతి పిల్లని ఒళ్ళో కూచోబెట్టుకుని పాలు పట్టాను. ఎదురుగా ఆ దీపం వెలుగుతూనే ఉంది. ఆ కారు మొత్తంలో చెడిపోకుండా మిగిలింది అదొక్కటే.