తప్పుకునేవాళ్ళ వేలంపాట

బుధవారం పొద్దున్న వీరవేణి వేసుకున్న లెక్క చాలా చిన్నది. పాపకి ఇడ్లీ పెట్టి అంగన్‌వాడీలో దింపాలి. పది గంటల ఆటోకి బండారులంక నుంచి అమలాపురం వెళ్ళి, గడియారస్తంభం వెనక సందులో పార్వతిగారి గదికి అడ్వాన్సు కట్టాలి. మధ్యాహ్నానికి తిరిగొచ్చి పప్పు పొయ్యి మీద పెట్టాలి. ఆ గదిలో రెండు మిషన్లు వేసి జాకెట్లు కుట్టే కొట్టు పెట్టాలన్నది మూడేళ్ళ నాటి కోరిక.

అడ్వాన్సుకీ మిషన్లకీ కలిపి లక్షన్నర. పాప హారిక పుట్టిన దగ్గర్నుంచీ వీధి అరుగు మీద పాత మిషను తొక్కి కూడబెట్టిన సొమ్ము అది. దాన్ని బ్యాంకులో వేసిన నాటి నుంచి ఆమెకి రెండు భయాలు పట్టుకున్నాయి. బ్యాంకువాళ్ళు మర్చిపోతారేమోనని ఒకటి, మొగుడికి గుర్తుంటుందేమోనని ఇంకొకటి.

రెండోది నిజమైంది.

"వేణీ, ఆ డబ్బు ఇవాళ కట్టకు. రేపు కడుదువుగాని," అన్నాడు రాజబాబు, ఇడ్లీ మీద కారప్పొడి చల్లుకుంటూ.

"రేపటికి ఆ గది ఉండొద్దా అండి?"

"గది ఎక్కడికి పోతుంది? దానికేమన్నా చక్రాలున్నాయా? చక్రాలున్నది వేరే ఉంది, విను."

రాజోలు వైపు రొయ్యల చెరువులు చేసిన ఆసామి ఒకాయన అప్పు చేసి ఫారిన్ కారు కొన్నాడు. రొయ్యలు పోయాయి, వాయిదాలు ఆగిపోయాయి. ఫైనాన్సు కంపెనీవాళ్ళు కారు పట్టుకొచ్చి ఇవాళ అమలాపురం ఎర్రవంతెన దగ్గర పెళ్ళిళ్ళ హాల్లో వేలం వేస్తున్నారు. అలాంటి కార్లు రాష్ట్రం మొత్తం మీద రెండో మూడో ఉన్నాయట.

"మనకి కారెందుకండి? ఉన్న సైకిలుకే గాలుండదు."

"మనం కొంటామేంటి, పిచ్చిదానా. పాట పెంచుతాం. నిజంగా కొనేవాడికి మంటెక్కుతుంది. పక్కకి పిలిచి, 'ఇదిగో ఇంత, నువ్వు తప్పుకో' అంటాడు. మనం తప్పుకుంటాం. దాన్నే గుడ్‌విల్ అంటారు. ఆ లక్షన్నరా డిపాజిట్టు కట్టామనుకో, సాయంత్రానికల్లా తిరిగిచ్చేస్తారు."

రాజబాబుకి వేరే ఉద్యోగం లేదు గానీ, తప్పుకోవడంలో పదేళ్ళ అనుభవం ఉంది. గుడి కొబ్బరితోటల పాటల్లో తప్పుకున్నాడు, చేపల చెరువుల పాటల్లో తప్పుకున్నాడు. వచ్చిన చిక్కల్లా ఇప్పుడతని మొహం కనపడగానే, "ఇదిగో తప్పుకునే రాజబాబు వచ్చేడు," అని జనం నవ్వేస్తున్నారు. పైసా రాలడం లేదు.

"అందుకే నువ్వెళ్ళాలి. నీ మొహం కొత్త. పైగా నువ్వెప్పుడూ కంగారు పడుతుంటావు. నిజంగా కొనేవాళ్ళే కంగారు పడతారు."

"మరి పాపో?"

"తీసుకెళ్ళు. పిల్లతో వచ్చేరంటే ఇంకా నమ్ముతారు. పదకొండున్నరకి టీకి ఆపుతారు. ఆపేటప్పటికి ఆఖరి పాట నీదై ఉండాలి. అప్పుడే అందరూ నీ దగ్గరికొస్తారు. మర్యాదగా మాట్లాడు. అంకె మాత్రం నీ నోటితో చెప్పకు, వాళ్ళ చేతే చెప్పించు. టీ అయ్యేక ఇంక నోరెత్తకు. వాళ్ళలో వాళ్ళు పాడుకుని పట్టుకుపోతారు."

వద్దంటే వాదన, సరేనంటే గుండెదడ. వాదించే ఓపిక లేక గుండెదడే ఎంచుకుంది వీరవేణి.

హాలు ముందు వాకిట్లో కారు ఉంది. బూడిదరంగు, కప్పలా నేలకి అతుక్కుని, అయిపోవలసిన చోట అయిపోకుండా వెనక్కి సాగిపోయింది. ఆ వెనక భాగంలో కుట్టుమిషను నిలబెట్టి, పక్కన గుడ్డల మూటలు నాలుగు పడేసినా, పాప పడుకోవడానికి చోటు మిగులుతుందనిపించింది వీరవేణికి. దాన్ని చూసినవాళ్ళలో ఆమె తప్ప ఎవరూ కారు వైపు రెండోసారి చూడలేదు. అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటున్నారు.

పాటకి డిపాజిట్టు కట్టినవాళ్ళు ముగ్గురే. కొత్తపేట కొబ్బరి వ్యాపారి ధర్మరాజు గారు, మండపేట ధాన్యం బ్రోకరు కుమారస్వామి గారు, వీరవేణి. కంపెనీ తరఫున వచ్చిన ప్రియాంక అనే అమ్మాయి కాగితాల మీద సంతకాలు పెట్టించుకుంది. వీరవేణి చదువు తొమ్మిదితో ఆగిపోయింది. చదవకుండా సంతకం పెట్టాలంటే భయం, చదవాలంటే ఒక్కో అక్షరం కూడబలుక్కోవాలి. మూడో పేరాలో ఉండగానే అందరూ తనకోసమే చూస్తున్నారని సిగ్గేసి సంతకం పెట్టేసి, తన వంతు కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది.

"ఇది ఎస్టేట్ కారండి," అంది ప్రియాంక. "ఇంటిల్లిపాదీ సామానుతో సహా ఎక్కొచ్చు. అయినా పందెం కారులా పోతుంది. ఆరు వందల గుర్రాల బలం. కొత్తది కోటి పైన ఉంటుంది. మన పాట పది లక్షల దగ్గర మొదలు."

"ఎస్టేట్ అంటున్నారు, తోట కూడా వస్తుందా అమ్మా?" అన్నారు కుమారస్వామి గారు. ధర్మరాజు గారు మీసం లోపల నవ్వి, "పదకొండు," అన్నారు.

"పన్నెండు అండి," అంది వీరవేణి. గొంతు వణికింది, నుదుటి మీద చెమట పట్టింది.

వెనక ఎవరో, "గల్ఫ్ పార్టీ," అని గుసగుసలాడారు. ఎవరా గల్ఫ్ పార్టీ అని ఆమె కూడా వెనక్కి తిరిగి చూసింది.

కుమారస్వామి గారు పదమూడన్నారు. ఆమె పద్నాలుగంది. ఆయన పదిహేను, ధర్మరాజు గారు పదహారు. సరిగ్గా అప్పుడే హారిక కొంగు లాగింది.

"అమ్మా, ఒకటికొస్తోంది."

"ఒక్క నిమిషం ఆగమ్మా."

"ఆగదు."

వీరవేణి గోడ గడియారం వైపు చూసింది. పదకొండూ ఇరవై ఎనిమిది. ఒక్కో లక్షా పెంచుకుంటూ కూర్చుంటే పిల్ల గౌను పాడవుతుంది. పోనీ లేచి వెళ్తే ఆఖరి పాట వేరేవాళ్ళదవుతుంది, మొగుడు చంపుతాడు. "ఇరవై అండి," అంది లేచి నిలబడి. "టీకి ఆపెయ్యండి, మీకు పుణ్యముంటుంది."

నాలుగు లక్షలు ఒక్క గుక్కలో పెంచిన మనిషిని ధర్మరాజు గారు నలభై ఏళ్ళ పాటల్లో చూసి ఎరగరు.

పాపని తీసుకెళ్ళి తీసుకొచ్చేసరికి ఆయన టీ గ్లాసుతో సిద్ధంగా ఉన్నారు.

"తాగమ్మా. మనలో మనకి పోటీ ఎందుకు చెప్పు? పెద్దమనుషుల్లా మాట్లాడుకుంటే పోలా?"

"ఆయ్. నేనూ అదే అనుకుంటున్నానండి బాబాయ్ గారూ."

"మరి ఎంతనుకుంటున్నారు?"

"నేనేం చెప్తానండి. పెద్దోళ్ళు, మీరు ఎంతంటే అంతే."

ధర్మరాజు గారికి టీ పొలమారింది. గుడ్‌విల్ ఇచ్చేవాళ్ళు గీసి గీసి బేరమాడతారు గానీ, ఇంత ధర్మాత్మురాలు ఉంటుందని ఆయనకి తెలియదు. కాస్త ధైర్యం చేసి, "తలో యాభై వేలు అనుకుందామా?" అన్నారు.

తలో యాభై అంటే ఇద్దరివీ కలిపి లక్ష అని వీరవేణి వేళ్ళ మీద లెక్క చూసుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మీ దయండి. కుమారస్వామి గారికి కూడా ఓ మాట చెప్పండి, మళ్ళీ ఆయన ఏమన్నా అనుకుంటారేమో."

కుమారస్వామి గారు చెప్పించుకోకుండానే వచ్చారు. "డబ్బు ఇవాళేనా అండి?"

"ఇవాళైతేనే మంచిదండి. గడియారస్తంభం వెనక సందులో పార్వతిగారి గది మాట్లాడుకున్నాను. అడ్వాన్సు కట్టకపోతే ఆవిడ ఆగరు."

"ఓహో, కారు పెట్టుకోడానికి గది కూడా చూసేసుకున్నారన్నమాట," అన్నారాయన మెచ్చుకోలుగా. ఆ ముక్క వీరవేణికి అర్థం కాలేదు. పెద్దలు కదా, ఏదో అంటారనుకుంది.

టీ అయ్యాక ప్రియాంక బల్ల దగ్గరికి వచ్చింది. "ఇరవై లక్షలు. ఒకటోసారి."

వీరవేణి ధర్మరాజు గారి వైపు చూసి నవ్వింది, ఇంక మీరు కానివ్వండి అన్నట్టు. ఆయన ఆమె వైపు చూసి అంతకంటే చక్కగా నవ్వారు.

"రెండోసారి."

కుమారస్వామి గారు కళ్ళు మూసుకుని కాళ్ళు చాపుకున్నారు. పెద్దవాళ్ళు ఆఖరి క్షణంలో పాడతారు కాబోలని వీరవేణి ఓపిగ్గా కూర్చుంది.

"మూడోసారి." చెక్కసుత్తి ఠప్పుమంది. హారిక చప్పట్లు కొట్టింది.

గేటు బయట కొబ్బరిబోండాల బండి దగ్గర కాచుక్కూచున్న రాజబాబు పరుగెత్తుకొచ్చాడు. "ఏమయ్యింది? ఎంతన్నారు?"

"తలో యాభై అన్నారండి," అంది వీరవేణి. "కారు కూడా ఇచ్చేరు."

రాజబాబు చేతిలో బోండాం జారిపోయింది. అది దొర్లుకుంటూ పోయి ధర్మరాజు గారి చెప్పుకి తగిలి ఆగింది. ఆయనా, కుమారస్వామి గారూ చేతులు రుద్దుకుంటూ వస్తున్నారు.

"నువ్వా రాజబాబూ?" అన్నారు ధర్మరాజు గారు. "ఈ అమ్మాయి మీ ఆవిడా? చెప్పవేం మరి. ఏదీ, మా యాభైలు ఇలా పడెయ్యి."

"మీరు కదండీ మాకు ఇవ్వాలి?"

"మేమెందుకిస్తాం? కారు మీకొచ్చింది కదా."

"మీకు కావాలనే కదండీ మేం పెంచేం?"

"మాకెందుకు ఆ పడవ? కొనేవాళ్ళెవరన్నా డబ్బిచ్చి తప్పుకోమంటారనే కదా నేను పాడేను?"

ముగ్గురు మగవాళ్ళూ ఒకరినొకరు చూసుకున్నారు. విషయం మెల్లగా, వరదనీరు గుమ్మం ఎక్కినట్టు, ఒక్కొక్కరికీ ఎక్కింది.

"అయితే కారు ఎవరిక్కావాలి?" అన్నాడు రాజబాబు.

కుమారస్వామి గారే ముందు తేరుకుని, "ఎవరిక్కావాలన్నది తర్వాత. మాట మాటే. యాభై," అన్నారు. మళ్ళీ మొదలైంది రగడ.

వీరవేణికి ఆ అరుపులేవీ చెవికెక్కడం లేదు. ఏడు రోజుల్లో పద్దెనిమిదిన్నర లక్షలు కట్టకపోతే డిపాజిట్టు పోతుందని ప్రియాంక చెప్పింది. డిపాజిట్టంటే అరుగు మీద కుట్టిన నాలుగేళ్ళ జాకెట్లు. వెళ్ళి హాలు మెట్టు మీద కూర్చుంది. కంగారు ఎక్కువైతే ఆమెకి చేతులు ఊరికే ఉండవు. సంచిలోంచి కాగితం తీసి, ఆగిపోయిన మూడో పేరా నుంచి వేలు పెట్టుకుని చదవడం మొదలుపెట్టింది. అలా పదకొండో పేరాకి వచ్చేసరికి వేలు ఆగింది.

"బాబాయ్ గారూ, ఇదేంటో చూడండి," అని పైకి చదివింది. "మొదటి పాటదారు గడువులోగా సొమ్ము చెల్లించనిచో, రెండవ పాటదారు తాను పాడిన మొత్తమునకు వాహనమును తీసుకొనవలెను. నిరాకరించినచో వారి ధరావతు కూడా జప్తు చేయబడును. పిదప మూడవ పాటదారునకు ఇదే వర్తించును." తలెత్తింది. "పదహారు పాడింది మీరే కదండి?"

ధర్మరాజు గారి చెయ్యి మీసం మీద అలాగే ఉండిపోయింది.

"పదిహేను నేను," అన్నారు కుమారస్వామి గారు నీరసంగా. "ఆ పేరా మాకెవరూ చెప్పలేదే."

"నాకూ చెప్పలేదండి. ఇందులో ఉంది." మళ్ళీ వేలు పెట్టింది. "పన్నెండోదాంట్లో, పాట పాడినవాళ్ళు ఎవరి పేరు చూపిస్తే వాళ్ళ పేర కారు ఇస్తారంట. కొనేవాళ్ళని ఎవరినన్నా తీసుకొస్తే ముగ్గురి డిపాజిట్టులూ మిగుల్తాయేమోనండి. నేనైతే ఎక్కడికీ వెళ్ళలేను, పిల్లతో."

ధర్మరాజు గారు గొంతు సవరించుకున్నారు. "అమ్మాయ్, నువ్వు ఏడవకు. మేం లేమూ?"

"నేను ఏడవట్లేదండి," అంది వీరవేణి. నిజంగానే ఏడవడం లేదు. ఏడవబోతున్నది ఆయన.

ఆ వారం కోనసీమలో ఆ కారు గురించి వినని మనిషి లేడు. ధర్మరాజు గారు హైదరాబాదు వెళ్ళే కొబ్బరి లారీ డ్రైవర్లందరికీ కారు ఫొటో ఇచ్చి పంపారు. కుమారస్వామి గారు బియ్యం వ్యాపారులకి ఫోన్లు చేసి చేసి గొంతు పోగొట్టుకున్నారు. ఒక మిల్లు యజమాని వచ్చి, వెనక ఎన్ని బస్తాలు పడతాయని అడిగి, లీటరుకి నాలుగు కిలోమీటర్లే ఇస్తుందని వినగానే మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు. ఇంకొకాయన కారంతా తట్టి చూసి, గుర్రాలు కాస్త తగ్గించి ఇస్తే ఆలోచిస్తానన్నాడు. యాభైల సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. పైగా వీరవేణి ఇంటికి పండ్లు, పాపకి బిస్కెట్లు కూడా వచ్చాయి. ఆవిడ ఎక్కడ చేతులెత్తేస్తుందోనని వాళ్ళ భయం.

ఆరో రోజున హైదరాబాదు నుంచి సూర్యతేజ అనే కుర్రాడు వచ్చాడు. కంప్యూటరు ఉద్యోగం. అలాంటి కారు కోసం నాలుగేళ్ళుగా వెతుకుతున్నాడట. హాలు వాకిట్లోకి వచ్చి, పసిపిల్ల తల నిమిరినట్టు కారు నిమిరాడు.

"ఇంత ఇష్టమైతే పాటకే రావాల్సింది బాబూ," అన్నారు ధర్మరాజు గారు, ఇన్నాళ్ళ శ్రమ గుర్తొచ్చి.

"వద్దామనే అనుకున్నానండి. ఇక్కడి పాటల్లో లోపల లోపల కూడబలుక్కునే రింగు ఉంటుందని, కొత్తవాళ్ళకి దక్కదని చెప్పేరు."

"ఎవరో గిట్టనివాళ్ళు చెప్పుంటారు," అన్నారు ధర్మరాజు గారు గంభీరంగా. కుమారస్వామి గారు ఆకాశం వైపు చూశారు.

కుర్రాడు మిగతా సొమ్ము కంపెనీకి కట్టి, వీరవేణి లక్షన్నర వీరవేణికి ఇచ్చి, కారు చెయ్యి జారిపోకుండా పట్టి ఉంచినందుకని ఇంకో యాభై వేలు పైన పెట్టాడు. రాజబాబు గొంతు సవరించుకుని, "ఇంకో పార్టీ కూడా అడుగుతున్నారు బాబూ," అని మొదలుపెట్టబోయాడు.

"ఏవండి," అంది వీరవేణి. "పాపకి ఎక్కిళ్ళొస్తున్నాయి. కొంచెం నీళ్ళు పట్టుకురండి."

అతను నీళ్ళతో వచ్చేసరికి కారు వంతెన దాటింది.

ఆ మధ్యాహ్నమే పాపని చంకనేసుకుని ఆమె పార్వతిగారి దగ్గరికి పరుగు తీసింది. పార్వతిగారు గుమ్మంలో బియ్యం ఏరుకుంటున్నారు. వీరవేణిని చూడగానే ఆవిడ మొహమాటంగా చేట కింద పెట్టారు.

"నీకోసం ఆరు రోజులు ఆగేనమ్మా. ఇందాకే మండపేట నుంచి ఒకాయన వచ్చేరు, కుమారస్వామి గారంట. ఈ గది తనకే కావాలి, ఎంతైనా ఇస్తానంటున్నారు."

"అడ్వాన్సు ఇచ్చేరా అండి?"

"ఇవ్వలేదు. ముందు నీతో ఓ మాట మాట్లాడుకుంటానన్నారు."

వీరవేణి పాపని కిందకి దింపింది, డబ్బు చేట పక్కన పెట్టింది, తాళంచెవి కోసం చెయ్యి చాపింది.

"అయితే ఆయన తీసుకోరులెండి."