పిన్ని కత్తికి ఒక వాదర ఎక్కువైంది

కత్తికి రెండు వైపులా పదునుండకూడదని చట్టం చేసిన మహానుభావుడికి నా సాష్టాంగ నమస్కారం! నవ్వకండి, నేను సీరియస్‌గానే అంటున్నాను. మా వంటింట్లో మూరెడు కత్తి ఉంది. గుమ్మడికాయని ఒక్క వేటుకి రెండు చెక్కలు చేస్తుంది. అయినా పదును ఒక వైపే కాబట్టి చట్టం దృష్టిలో అది పరమ సాధువు.

ఈ జ్ఞానం నాకు మా పిన్ని వల్ల అబ్బింది. ఆవిడది సోఫాలు బాగుచేసే దుకాణం. ఆవిడ కత్తి జానెడు కూడా ఉండదు గానీ రెండు వైపులా పదునే. స్పాంజిలోకి దించి ముందుకి తోస్తే ఒక అంచు కోస్తుంది, వెనక్కి లాగితే రెండోది. ఇరవై ఏళ్ళుగా ఇదే ఘోరం!

ఒకరోజు ఇన్‌స్పెక్టరుగారు తనిఖీకొచ్చి స్కేలు తీశారు. కోసే అంచుని వాదర అంటారట, కోయని వైపుని వెన్ను అంటారట.

"అమ్మా, మీ కత్తికి వెన్నేదీ?" అన్నారు.

"రెండు పక్కలా కోస్తుంది బాబూ, అందుకేగా కొనుక్కుంది" అంది పిన్ని.

నేరం ఒప్పుకున్నట్టు రాసేసుకున్నారు! కత్తిని కవర్లో పెట్టి సీలు వేశారు. పాత చెక్కలు కొట్టే గొడ్డలి పక్కనే ఉన్నా దానివైపు కన్నెత్తి చూడలేదు. దానికి వెన్నుందిగా మరి!

అప్పట్నుంచీ పిన్ని కత్తెరతో తంటాలు పడుతోంది. వేళ్ళన్నీ బొబ్బలు. స్పాంజి ఎలకలు కొరికినట్టు వస్తోంది. సోఫాలిచ్చినవాళ్ళు ఒక్కొక్కరే వెనక్కి పట్టుకుపోయారు. "ఇంకో నెల ఇలాగే ఉంటే షట్టరు దించేస్తానురా" అని ఏడ్చింది. అయినా దేశ భద్రత ముఖ్యం కదండీ!

ఇద్దరం ఆఫీసుకి వెళ్ళాం. "ఒక వైపు పదును అరగదీసేస్తే కత్తి ఇచ్చేస్తాం" అన్నాడు గుమాస్తా.

"అయితే ఇవ్వండి, అరగదీసి తెస్తాను."

"అరగదీయకుండా ఎలా ఇస్తామమ్మా?"

ఇంత పకడ్బందీ చట్టం ఇంకెక్కడైనా ఉందా, చెప్పండి!

మొన్న సోమవారం ఇన్‌స్పెక్టరుగారే దుకాణానికొచ్చారు. వెనక వ్యానులో వాళ్ళింటి సోఫా. నడిమధ్యలో కుంగిపోయింది, రేపు చుట్టాలొస్తున్నారట. పిన్ని కత్తెర చూపించింది. ఆయన కాసేపు గోళ్ళు కొరుక్కుని, జీపు పంపి ఆఫీసు నుంచి సీలు వేసిన కవరు తెప్పించారు. సీలు తీశారు, పిన్నిచేత సంతకం పెట్టించారు. రెండు గంటల్లో సోఫా తయారు.

"అబ్బ, అంచు ఎంత నున్నగా వచ్చిందమ్మా!" అని మెచ్చుకుని, కత్తిని మళ్ళీ కవర్లో పెట్టి, సీలు వేసి పట్టుకుపోయారు.

కాబట్టి చట్టం మార్చమని నేనడగను. మీరంతా చేతులెత్తి ఒక్క దీవెన ఇవ్వండి చాలు: రోజుకో ఆఫీసరుగారింట్లో సోఫా కుంగిపోవాలి. మా పిన్ని దుకాణం చల్లగా నడుస్తుంది.