ఊడని నట్టుకు వెయ్యి దండాలు

ఇంపాక్ట్ గన్ కనిపెట్టిన మనిషికి మన గాజువాక సెంటర్లో విగ్రహం పెట్టించాలి! నవ్వకండి. డుగుడుగుమంటూ బోల్టులు బిగించే ఆ బ్యాటరీ తుపాకీ విలువ మీకు తెలియదు.

మన బాధలన్నీ ఎక్కడ మొదలవుతాయి? వదులైన చోట! రైలు ప్లాట్‌ఫాం వదిలితే ఏడుపు. పడవ ఒడ్డు వదిలితే దిగులు. మెట్ల మీద చెప్పు కాలిని వదిలినా నాకు గుండెదడే. మరి పట్టుకున్నదాన్ని చచ్చినా వదలని యంత్రం వస్తే దండం పెట్టొద్దా?

మొన్న మా ఆడపడుచు రామలక్ష్మమ్మ పెందుర్తి నుంచి కొడుకుతో కలిసి కారులో వచ్చింది. ఆమె చెప్పులు విప్పగానే, మళ్లీ ఎప్పుడు తొడుక్కుంటుందోనని నాకు బెంగ మొదలైంది. అనుకున్నంతా అయింది. కొడుకు అశోక్‌కి స్టీల్ ప్లాంటులో డ్యూటీ ఉందని, భోజనం కాగానే లేచారు. తీరా చూస్తే టైరు పంక్చర్!

అశోక్ స్పానర్ వేశాడు. నట్టు కదల్లేదు. స్పానర్ మీద నిలబడ్డాడు. కదల్లేదు. ఎగిరి గెంతాడు. స్పానర్ వంగింది, అతను మా కరివేపాకు మొక్కలో పడ్డాడు. నట్టు మాత్రం తపస్సులో ఉన్న మునిలా కూర్చుంది!

"నిన్ననే ఆటోనగర్లో టైర్లు ఇప్పి బిగించినారత్తా!" అన్నాడు ఆకులు దులుపుకుంటూ.

"ఎవరు బాబూ ఆ పుణ్యాత్ముడు?" అన్నాను, టీకి నీళ్లు పెడుతూ.

పుణ్యాత్ముడి పేరు దొరబాబు. ఫోన్ చేస్తే గన్ పట్టుకుని మోటారు సైకిల్ మీద వచ్చాడు.

"మామ్మా, నాను బిగించినానంటే బెమ్మదేవుడొచ్చినా ఊడదు!"

"నువ్వొచ్చినా?" అన్నాడు అశోక్.

గన్ మోగింది. కాకులు లేచిపోయాయి. బోల్టు టప్పున విరిగి చేతికొచ్చింది.

"సూసారా? ఇరిగింది గానీ ఊడలేదు!" అన్నాడు దొరబాబు.

ఎంత మేలో చూడండి! కొత్త బోల్టు వచ్చేదాకా కారు కదలదు. అశోక్ దొరబాబు బండెక్కి డ్యూటీకి పోవాలి. వాళ్లమ్మ ఆ రాత్రికి నాకు మిగిలింది.

దొరబాబు గన్ సర్దుకుంటుంటే దాని అట్టపెట్టె మీది తెలుగు చదివాను. అచ్చులో ఉన్నది ఏదైనా నేను వదలను. నట్లు ముందు చేత్తో తిప్పాలట. ఎదురెదురువి ఒకదాని తర్వాత ఒకటి బిగించాలట. గన్ కాస్త వాడి ఆపేయాలట. ఆఖరి బిగింపు, బిగువును కొలిచే టార్క్ రెంచితో చెయ్యాలట. కొలత సరిపోగానే అదే 'టక్' మంటుందట!

"నీకా రెంచి లేదా నాయనా?"

"లేకేటి మామ్మా! దసరాకి బొట్టెట్టి, దండేసి, మేకుకి ఏలాడదీసినాం."

"మరి వాడవా?"

"పూజ సేసిందాన్ని గ్రీజు సేతుల్తో ఎలా ముట్టుకుంటాం?"

రామలక్ష్మమ్మ పగలబడి నవ్వింది.

"నువ్వూ ఆ గన్నువేనొదినా. బయల్దేరతానంటే కొంగట్టుకుంటావు, సంచీ దాచేత్తావు. నీ దగ్గర్నుంచి ఊడ్డం కష్టమనే నాను తరుసుగా రాను!"

నవ్వుతూనే అంది. నాకు మాత్రం టీ చేదైంది.

పాఠకులారా, విగ్రహం సంగతి వదిలేయండి. ఆ రెంచిని మేకు మీద నుంచి దింపించండి, చాలు. నట్టూ చుట్టం లాంటిదే. 'వెళ్లొస్తాను' అనగలిగేంత వరకే బిగించాలి. బిగించడం మాత్రమే వచ్చినవాళ్ల దగ్గర చివరికి మిగిలేది విరిగిన బోల్టే!

ఇంత జ్ఞానం వచ్చాక ఊరుకుంటానా? మర్నాడు ఆటో వచ్చింది. కొంగు పట్టుకోలేదు. సంచీ నేనే అందించాను.

"ఎల్లొత్తానొదినా. పై ఆదివారం మళ్లీ వత్తాను," అంది.

ఆ మాటకి చెయ్యి పట్టుకున్నాను. కొంచెం బిగించాను. ఇంకొంచెం.

టక్ మంది.

వెంటనే ఆపేశాను. కొలత సరిగ్గా సరిపోయింది!

"ఓలమ్మో, నా యేలు!" అంది రామలక్ష్మమ్మ.