ముందు ప్లాటు, తర్వాతే పాత్ర

నవలకు పాత్రలతో పనేముందండీ? ప్లాటు చాలు! పాత్రకు సొంత బుద్ధి ఉందంటే నవల కొంప మునిగినట్టే. ఈ జ్ఞానం నాకు గుడివాడలో జరిగిన నవలా వర్క్‌షాపులో కలిగింది.

మా గురువు ప్రకాశరావుగారు పూర్వాశ్రమంలో రియల్ ఎస్టేట్ మనిషి. పామర్రు రోడ్డు పక్కన వరిచేను పూడ్చి, హద్దురాళ్లు పాతి, ఆర్చి కట్టి, "ముందు ప్లాట్లు వేద్దాం, మనుషులు వాళ్లే వస్తారు" అన్నారు. ఇంతవరకూ గేదెలు తప్ప ఎవరూ రాలేదు. అయితేనేం? సిద్ధాంతం గట్టిది. దాన్నే ఇప్పుడు నవలకు పట్టించారు. మొదట మోసం, నడుమ ఏడుపు, చివర విజయం. రాళ్లు పాతేశాక పాత్రని లాక్కొచ్చి కూర్చోబెట్టడమే!

ఎంత సుఖమో చూడండి. పొద్దున పిరికివాడైన హీరో సాయంత్రానికి సింహం. ఎందుకు మారాడు? ప్లాటుకి అవసరం, మారాడు. ఇంజినీరింగ్ చదివిన హీరోయిన్ ఒక్క ఫోన్ చేస్తే తీరిపోయే అపార్థాన్ని నాలుగు వందల పేజీలు మోస్తుంది. పాపం, ఆ ఫోనుకి ఛార్జింగ్ కూడా ప్లాటు ఒప్పుకుంటేనే ఎక్కుతుంది.

చెప్పినట్టు రాస్తే నా నవల అచ్చు వేయిస్తానన్నారు గురువుగారు. అట్ట మీద నా పేరు చూసుకోవాలని మీసాలు రాని రోజుల నుంచీ నా ఆశ. అందుకని దివిసీమలో ఎండుచేపలు అమ్మే ముత్యాలమ్మని హీరోయిన్ చేశాను. మూడో అధ్యాయంలో ఆవిడ చేపలు ఎండబెట్టుకునే జాగాని మరిది కాజేయాలి. అతను చూపిన చోట ఆవిడ సంతకం పెట్టాలి. పెడితేనే ఏడుపు, ఏడిస్తేనే విజయం.

మా ఆవిడ ప్రభావతి అంతా చదివి కళ్లజోడు తీసింది.

"మొప్పలు ఎత్తి చూడందే ముత్యాలమ్మ పచ్చిచేప కొనదని మొదట్లో మీరే రాశారుగా. కాయితం మాత్రం చదివించుకోకుండానే సంతకం పెట్టేసిందా అండీ?"

"ప్లాటు అలా ఉందే. పాత్రదేముంది?"

"వంటింటి పాత్రనైనా వేలితో కొట్టి చూసే కొంటామండీ."

రోషం వచ్చి ముత్యాలమ్మని ఆవిడ మానాన వదిలేశాను. "చదివి వినిపించవయ్యా" అంది మరిదితో. అతను చదవకుండా పెన్ను అందించాడు. ఆవిడ కాగితం మడిచి అతని జేబులోనే పెట్టి, చేపలు తిరగేసుకోవడానికి వెళ్లిపోయింది. నవల అక్కడితో అయిపోయింది. నిజం చెప్పాలంటే, నేను రాసిన వాటిలో నాకు నచ్చిన పేజీ అదొక్కటే.

అది చదివి గురువుగారు ఫోన్ చేశారు. "ఆవిడ చేత సంతకం పెట్టించండి సార్. లేకపోతే పుస్తకం లేదు."

పెట్టించాను. పుస్తకం వచ్చింది. అట్ట మీద నా పేరు బంగారు రంగులో మెరుస్తోంది. ప్లాటు మహిమ కాక మరేమిటండీ!

ప్రభావతి మూడో అధ్యాయం తీసి చూసి, పుస్తకం నా చేతిలో పెట్టింది.

"ఈ సంతకం ముత్యాలమ్మది కాదండీ. మీది."