చెంగయ్య కొడుకు కొమ్ములు

ఒక పెద్ద అడవిలో చట్టాలు తక్కువే గాని, వాటిలో ఒకటి మాత్రం చెంగయ్య అనే కృష్ణజింకకు తిన్న గడ్డి ఒంటబట్టనివ్వలేదు. కొమ్ములు చెవులను దాటి పెరిగిన ప్రతి మగపిల్లవాడూ సరిహద్దు కాపలా దళంలో చేరి మూడేళ్లు పనిచేయాలి. కొమ్ములు అంత పెరిగాక ఆ సేవ పూర్తిచేయకుండా ఎవడూ నది దాటి పరదేశం పోకూడదు.

చెంగయ్య బావమరిది అప్పటికే నది అవతలి అడవిలో స్థిరపడ్డాడు. "ఇక్కడ గడ్డి మోకాళ్ల దాకా ఉంది. పులులు కూడా మర్యాదస్తులు. ఎండాకాలం రాగానే అందరూ వచ్చేయండి" అని కొంగతో కబురు పంపాడు.

నదిలో వరద తగ్గేది ఎండాకాలంలోనే. కొడుకు మునిరత్నం కొమ్ములు మాత్రం అంతదాకా ఆగేలా లేవు. అప్పుడే చెవుల్లో సగానికి వచ్చాయి.

"పోనీ, వాడు కాపలా కాసి వచ్చాకే పోదామయ్యా. నది ఎక్కడికీ పోదుగా" అంది భార్య మునెమ్మ.

"మూడేళ్లా? అప్పటికి మీ తమ్ముడు అక్కడ గడ్డిపరకైనా మిగలనిస్తాడా?" అన్నాడు చెంగయ్య. "అడవికి కాపలా ఉండాల్సిందే, కాదనను. నలుగురిలోనూ ఆ మాటే చెప్తాను. కానీ మనవాడే ఎందుకు? కొండగొర్రె కొడుకులు ముగ్గురూ ఊరికే తిరుగుతున్నారు కదా!"

బాగా ఆలోచించి ఒక ఉపాయం కనిపెట్టాడు. అడవికోడి కూయగానే కొడుకును లేపి వాగు పక్కనున్న నల్లబండ దగ్గరకు తీసుకుపోయేవాడు.

"తల ఆనించు. నెట్టు. రుద్దు. ఇంకా గట్టిగా! అరగాలి!"

"నాన్నా, మెడ పట్టేసింది."

"ఓర్చుకోరా. నది దాటాక పడుకునే మేద్దువుగాని."

వాన పడినా, మంచు కురిసినా చెంగయ్య మానలేదు. కొడుక్కి జ్వరం వస్తే, అలవాటు తప్పుతుందని తానొక్కడే వెళ్లి బండ దగ్గర కూర్చుని వచ్చేవాడు. పుట్టి బుద్ధెరిగాక ఏ పనినీ అంత నిష్ఠగా చేయలేదు.

ఎండలు ముదిరి నది పాయలుగా చీలింది. ముగ్గురూ బయలుదేరి రేవుకు చేరారు. అక్కడ కాపలా దళం సుబేదారు ఎలుగుబంటి కూర్చుని ఉన్నాడు.

"ఎక్కడికి చెంగయ్యా, ఇంటిల్లిపాదీ?"

"మా బావమరిది దగ్గరికండీ. పిల్లాడు ఇంకా పసివాడు. కావాలంటే కొలుచుకోండి."

సుబేదారు మునిరత్నం చెవిని పట్టి సాగదీసి కొమ్ము పక్కన పెట్టాడు. కొమ్ము పొట్టిదే. చెంగయ్య అప్పుడే ఒక కాలు నీళ్లలో పెట్టాడు.

"బాబోయ్!" అని సుబేదారు అరచేయి చూసుకున్నాడు. మొన గుచ్చుకుని రక్తం వస్తోంది. "ఏందిరా ఇది? కొమ్మా, బల్లెమా?" అంటూ కోపంతో కుర్రవాడి నుదుటి మీద చెయ్యి పెట్టి వెనక్కి తోశాడు.

నుదుటికి గట్టిగా ఏది తగిలినా మునిరత్నానికి తెలిసింది ఒక్కటే. తల ఆనించాడు. నెట్టాడు. సుబేదారు పోయి రేగుపొదలో పడ్డాడు.

మునెమ్మ కళ్లు మూసుకుంది. చెంగయ్య నీళ్లలో పెట్టిన కాలు వెనక్కి తీసుకున్నాడు.

పొదలోంచి నవ్వు వినిపించింది. "శెభాష్! ఎవర్రా నీకిది నేర్పింది?"

"మా నాన్నండీ. రోజూ తెల్లారకముందే లేపుతాడు."

సుబేదారు ఒంటినిండా ముళ్లతోనే వచ్చి చెంగయ్యను కౌగిలించుకున్నాడు. "పిల్లల్ని దాచే తండ్రుల్ని చూశాను గాని, ఎవరికీ చెప్పుకోకుండా తర్ఫీదు ఇచ్చే తండ్రిని ఇప్పుడే చూస్తున్నా!"

"అయ్యా, కొమ్ము ఇంకా చెవి దాటలేదు..."

"ఆ కొలతలు ఎగ్గొట్టేవాళ్లకయ్యా. నీలా ఇష్టపడి పెంచేవాళ్లకెందుకు?"

మునిరత్నం ఆ సాయంత్రమే దళంలో చేరాడు. సింహంగారు చెంగయ్యకు 'ఆదర్శ పిత' బిరుదిచ్చి, ఇకమీదట అడవిలోని మగపిల్లలందరికీ నల్లబండ దగ్గర ఆయనే తర్ఫీదు ఇవ్వాలని ఆజ్ఞాపించారు. అంతటి దేశభక్తుణ్ణి పరదేశానికి వదులుకుంటే అడవికే అప్రతిష్ఠ అని, ఆయన ఒక్కడి కోసం రేవులో కాపలా పెంచారు.

మర్నాడు తెల్లారకముందే బండ ముందు పిల్లలు బారులు తీరారు. నిద్ర చెడిన తండ్రులు వెనక నిలబడి చెంగయ్యను కొరకొర చూశారు.

"నీ కొడుకుతో పోయేదానికి మా పిల్లల్నెందుకు లాగావయ్యా?" అన్నాడు ఒక దుప్పి.

అంతలో మునెమ్మ వచ్చింది.

"ఆడవాళ్లకు కొమ్ములూ లేవు, కొలతలూ లేవు. మీరు దేశసేవ చేస్తూ ఉండండి. నేను పోతున్నా" అని చెప్పి, మోకాళ్ల లోతు నీళ్లలో నడిచి నది దాటిపోయింది.

అందుచేత విధిని ఎగ్గొట్టదలచినవాళ్లు, అన్నిటికంటే ముందు, పొద్దున్నే లేచే అలవాటు మానుకోవాలి.