ఆఖరి అధ్యాయంలో దుప్పటి

ఆ ఉదయం చేయవలసిన పని ఒక్కటే. టిఫిన్ల వేళకు బావమరిది స్కూటరు మీద వస్తాడు, భోజనాల బల్ల మీదున్న కట్టను అతని చేతిలో పెట్టాలి. అంతే. చంటిపిల్లాడైనా చేయగల పని. కాని ఆ కట్టలో ఉన్నది నవల, దాన్ని రాసింది ఆ ఇంటాయన. వీధిలో అందరూ ఆయన్ని నవలాయన అంటారు. ఇంతవరకు ఒక్క నవలా అచ్చు కాలేదు కనుక ఆ పేరులో గౌరవం పాలెంతో, ఎకసెక్కం పాలెంతో చెప్పడం కష్టం.

నవల రాయడానికి ఆయనకు ఒక్క ఏడాది పట్టింది. దిద్దడం మొదలుపెట్టినప్పుడు పలక పట్టిన కూతురు ఇప్పుడు హాస్టల్లో ఉండి కాలేజీ చదువుతోంది. దిద్దడానికి ఆయనకొక పద్ధతుంది. మార్చిన వాక్యాన్ని చీటీ మీద రాసి, పాత వాక్యం మీద జిగురుతో అంటిస్తాడు. చీటీ మీద చీటీ పడి కొన్ని పేజీలు అట్టల్లా బిరుసెక్కి, తిప్పితే చప్పుడు చేసేవి. వాటిని కూడబలుక్కుని చదివి శుభ్రంగా తిరగరాసే పని ఇల్లాలిది. ఆ శుభ్రమైన ప్రతి మీద మళ్ళీ చీటీలు పడేవి. ఈలోగా భోజనాల బల్ల నవలకు అంకితమైపోయింది. ఇంటిల్లిపాదీ ఒళ్ళో కంచాలు పెట్టుకుని తినడం నేర్చుకున్నారు. ఇల్లాలికి సాహిత్యం మీద కోపమేమీ లేదు. ఆవిడకు బల్ల కావాలి.

బావమరిదికి చిన్న ప్రెస్సు ఉంది. "బావా, మిషను ఆ ఒక్కరోజే ఖాళీ. మర్నాటి నుంచి క్యాలెండర్లు, అవయ్యాక స్కూలు పుస్తకాలు. ఈసారి తప్పితే నీ నవల నీ మనవలు అచ్చేయించుకోవాల్సిందే" అని ముందే చెప్పాడు. అందుకే ఇల్లాలు ముందురోజే కట్టను పాత చీరముక్కలో చుట్టి, పురికొసతో ముడి మీద ముడి వేసి, "దీన్ని ముట్టుకున్నారో, మీకూ నాకూ చెడుతుంది" అని హెచ్చరించింది.

ఆయన ముట్టుకోలేదు. ఆ విషయంలో ఆయనకు అన్యాయం చేయకూడదు. కాఫీ తాగుతూ, గ్లాసు కింద వేసుకున్న పాత చిత్తుకాగితం కేసి మాత్రం చూశాడు. అది ఆఖరి అధ్యాయం. మేనమామ మేడగదిలో పెట్టి గడియ వేసిన కథానాయకుడు, కిటికీలోంచి దుప్పటి వేలాడదీసి, దాన్ని పట్టుకుని జారి, తను మనసిచ్చిన పిల్లతో రైలందుకుంటాడు. బాగానే ఉంది. కాని ఒక్క దుప్పటి చాలుతుందా? చాలకపోతే పాఠకుడు నవ్వడూ?

ఆయన ఉండేదీ మేడ మీదే. పడగ్గది కిటికీకి ఊచలు లేవు. దుప్పటి మంచం మీదే ఉంది. ఇల్లాలు వంటింట్లో ఉంది. ఇన్ని కలిసొచ్చాక ఎవరు మాత్రం ఆగుతారు?

దుప్పటి చాలలేదు. మంచంకోడుకు వేసిన ముడికే చాలా భాగం పోయి, మిగిలింది కింది వాటా కిటికీ మీదున్న సన్‌షేడ్ దాకా వచ్చి అయిపోయింది. ఆయన ఆ సన్‌షేడ్ మీద నిలబడి, దుప్పటి కొస రెండు చేతులా పట్టుకుని, గోడను బల్లిలా కరుచుకున్నాడు. పైకి పాకడానికి బలం లేదు, కిందికి దూకడానికి ధైర్యం లేదు. అయినా మనసులో ఎక్కడో సంతోషంగానే ఉంది. తన అనుమానం నిజమైంది మరి.

ఇంతలో ఆయన కాలి చెప్పొకటి జారి కింది వాటా గుమ్మంలో పడింది. ఆ వాటాలో ఉండే డ్రిల్లు మేష్టారు బయటికొచ్చి, తలెత్తి, మెడలో ఉన్న ఈల ఊదేశాడు. "దొంగ! దొంగ!" వీధి వీధంతా పోగయింది. "దొంగేంటండీ, మన నవలాయన!" అన్నారెవరో. దొంగ కానప్పుడు, పొద్దున్నే కిటికీలోంచి దిగేవాడికి ఇంకేం కారణముంటుంది?

"పెళ్ళాంతో పడలేక పారిపోతున్నాడు, పాపం" అని తేల్చింది ఎదురింటావిడ.

ఆ మాట వీధి మలుపు చేరేసరికి, ఇల్లాలు ఆయన్ని వారం రోజులుగా తిండి పెట్టకుండా గదిలో పెట్టి తాళం వేసిందన్నంత వరకు వచ్చింది. మలుపులో స్కూటరు తిప్పుతున్న బావమరిది అదే విన్నాడు.

"అక్కా! బావనేం చేశావే?" అని అరుస్తూ వచ్చాడు.

ఇల్లాలు కిటికీలో కనిపించింది. చేతిలో గరిటె ఉంది. వీధికి ఇక వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది.

"ఏమోయ్, దుప్పటి చాలదు!" అన్నాడాయన పైకి చూసి.

"ఇంకో దుప్పటి అడుగుతున్నాడు, ఇవ్వమ్మా, పుణ్యముంటుంది" అంది ఎదురింటావిడ.

"కట్ట విప్పు" అన్నాడాయన ఇల్లాలితో. "దుప్పటి తీసేసి తాడు పెట్టాలి."

"మేడగదిలోకి తాడెలా వస్తుందండీ?"

"అదే! రెండో అధ్యాయంలో పెరట్లో బావి పెడతా. బావి ఉంటే తాడుంటుంది. అంత పెరడుండాలంటే ఇల్లు ఊరి చివరుండాలి. ఊరి చివరైతే ఆ పిల్ల రోజూ నడిచి రాలేదు, సైకిలుండాలి. సైకిలుంటే వీళ్ళిద్దరికీ రైలెందుకూ..."

"అంటే మళ్ళీ మొదట్నించా?"

"ఎంతలే, ఓ ఏడాది."

ఇల్లాలు వెనక్కి తిరిగి బల్ల వైపు చూసింది. కింద డ్రిల్లు మేష్టారు నిచ్చెన మోసుకొస్తున్నాడు.

"మేష్టారూ, అక్కడే ఆగండి. నిచ్చెన వెయ్యకండి."

జీవితమంతా ఇతరులను ఆపినవాడు, ఠక్కున ఆగిపోయాడు.

"ఏవండీ, నవల అయిపోయింది అనండి. నిచ్చెనొస్తుంది."

"దాదాపు అయిపోయినట్టే."

"అయితే మీరు దాదాపు దిగినట్టే. నేనెళ్ళి పొయ్యి చూసుకుంటా."

"ఆగవోయ్! నువ్వు చెప్పు, లోపంతో ఎలా వదిలేస్తాను?"

ఆవిడ గరిటె పక్కన పెట్టింది. "అది ఎన్నిసార్లు తిరగరాశానో నాకే తెలీదు. రాసిన ప్రతిసారీ నవ్వేచోట నవ్వాను, ఏడ్చేచోట ఏడ్చాను. బావుందండీ. బావున్నదాన్ని ఇంకేం చేస్తారు?"

ఆయన తలెత్తి ఆవిడ కేసి చూశాడు. ఆ నవల బావుందని ఇంతవరకు ఎవరూ అనలేదు. అనడానికి ఎవరినీ పూర్తిగా చదవనిస్తే కదా! ఆవిడ అయినా ఇన్నాళ్ళూ అనలేదు, ఆయన అడగనూ లేదు.

"అయిపోయింది" అన్నాడు.

"వినపడలేదు!" అన్నాడు డ్రిల్లు మేష్టారు అలవాటు కొద్దీ.

"అయిపోయింది!"

వీధంతా చప్పట్లు కొట్టింది. అయిపోయింది కాపురమని కొందరు ఏడ్చారు కూడా. ఇల్లాలు బల్ల మీది కట్టను తెచ్చి కిటికీలోంచి విసిరింది, తమ్ముడు రెండు చేతులా పట్టుకున్నాడు. నిచ్చెన గోడకు ఆనేలోపే స్కూటరు మలుపు తిరిగిపోయింది.

మధ్యాహ్నం ఇద్దరూ బల్ల దగ్గర కూర్చుని భోంచేశారు. మోచేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకు కాసేపు తెలియలేదు. మిషనెక్కిందని బావమరిది ఫోను చేశాడు. ఆయనకు కడుపు నిండక ముందే నిండినట్టయింది.

"పోన్లే. దుప్పటి పొడవు ఏ పాఠకుడు కొలిచొచ్చాడు!"

"ఏ దుప్పటి?"

"ఆఖరి అధ్యాయంలోది."

"అది అమ్మాయి హైస్కూల్లో ఉన్నప్పుడే మీరు కొట్టేశారు కదండీ! ఇప్పుడతను శుభ్రంగా తలుపు తీసుకుని వెళ్ళిపోతాడు. మీరు చూసింది పాత చిత్తు."

ఆయన చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "మరి నేనక్కడ గోడకు వేలాడుతుంటే చెప్పలేదేం?"

"చెబితే మళ్ళీ పెట్టేవారు."

ఆయనకు ఆలోచిస్తే తలుపు తీసుకుని వెళ్ళడమే హుందాగా తోచింది. తృప్తిగా రెండు ముద్దలు తిన్నాడు. మూడో ముద్ద దగ్గర, మేనమామ గడియ పెట్టింది బయటి నుంచి కదా, తలుపు లోపలి నుంచి ఎలా తెరుచుకుంటుందన్న అనుమానం వచ్చింది. నోరు తెరిచాడు. ఎదురుగా పడగ్గది కిటికీలోంచి దుప్పటి ఇంకా బయటికి వేలాడుతూనే ఉంది.

"కాసిని మంచినీళ్ళు పొయ్యి" అన్నాడు.